మూడు గొంతుల గిటార్: సింథ్ కుదరాలంటే ముందు గిటార్ కుదరాలి

సింథ్‌తో (రకరకాల వాద్యాల శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టెతో) పనిచేసే గిటార్ కొన్నవాళ్ళలో చాలామంది మొదటి వారంలోనే ఒకే మాట అంటారు: "ట్రాకింగ్ బాగోలేదు." అంటే మీటిన నోటును సింథ్ సరిగ్గా పట్టుకోవడం లేదని. నోటు ఆలస్యంగా వస్తోంది, కొట్టని నోట్లు మోగుతున్నాయి, మూడో తీగ మీటితే నోటు పై ఆక్టేవ్‌కి ఎగిరిపోతోంది. వెంటనే సింథ్ పెట్టెను తప్పుపట్టి ఇంకో పెట్టె వెతకడం మొదలవుతుంది. పెట్టె మారుతుంది కానీ ఆ బాధ మారదు. ఎందుకంటే ఈ తప్పుల్లో ఎక్కువ భాగం సింథ్ దాకా రాకముందే, తీగ, ఫ్రెట్, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క), పికప్, కేబుల్ దగ్గరే పుడతాయి. సరిచేయాల్సింది కూడా అక్కడే, ఒక వరసలో. ఆ వరస తప్పితే గంటల తరబడి మెనూలు తిప్పినా ఫలితం ఉండదు.

మామూలు ఎలక్ట్రిక్ గిటార్ పికప్ ఆరు తీగల శబ్దాన్నీ కలిపి ఒకే సిగ్నల్‌గా పంపుతుంది. సింథ్‌కు అది చాలదు. ఏ తీగ ఏ శ్రుతిలో మోగుతోందో దానికి విడివిడిగా తెలియాలి. అందుకే ఈ గిటార్లలో తీగకొకటి చొప్పున ఆరు చిన్న పికప్‌లు ఉంటాయి. దీన్నే హెక్స్ పికప్ అంటారు. ఇందులో రెండు రకాలు. బ్రిడ్జ్ పక్కన సన్నటి పట్టీలా కూర్చునే అయస్కాంత పికప్ ఒకటి. రోలండ్ జీకే-2ఏ, జీకే-3, ఫిష్‌మన్ ట్రిపుల్‌ప్లే ఈ రకమే. రెండోది, ప్రతి శాడిల్‌లోనూ పియెజో స్ఫటికం (ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చేది) అమర్చినది. ఆర్‌ఎమ్‌సీ, గ్రాఫ్ టెక్ ఘోస్ట్ శాడిల్స్ ఇలాంటివి.

అయస్కాంత రకం ఉక్కు తీగ కదలికను మాత్రమే చూస్తుంది. గిటార్ బాడీ మీద చెయ్యి తగిలినా, పట్టీ కదిలినా దానికి పట్టదు. ఉన్న గిటార్‌కే రంధ్రాలు చేయకుండా తగిలించుకోవచ్చు. నైలాన్ తీగలకు మాత్రం పనికిరాదు. పియెజో రకం నైలాన్‌కీ పనికొస్తుంది, బయటికి కనపడదు, అకౌస్టిక్ గొంతు కూడా దానితోపాటే వస్తుంది. అయితే బాడీలో పుట్టే ప్రతి దెబ్బనూ వింటుంది. అరచేతిని బ్రిడ్జ్ మీద కాస్త గట్టిగా ఆనించినా ఆరు తీగల్లోనూ చిన్న చప్పుడు పుట్టి, సింథ్ దాన్ని నోటు అనుకుంటుంది. ఉక్కు తీగల మీద వేగంగా లీడ్ వాయించేవాళ్ళకు అయస్కాంత రకం, ఒకే గిటార్‌లో ఎలక్ట్రిక్, అకౌస్టిక్, సింథ్ మూడూ కావాలనుకునేవాళ్ళకు పియెజో రకం మేలు. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదన కన్నా, మీ కుడిచెయ్యి ఎలాంటిదో చూసుకోవడం ముఖ్యం.

మూడు గొంతుల గిటార్లలో ఎక్కువ మంది చేతుల్లో కనిపించేవి కెనడాలోని క్విబెక్‌కు చెందిన గోడిన్ కంపెనీవి. ఎక్స్‌టీఎస్‌ఏ, ఎల్‌జీఎక్స్‌టీ ఉక్కు తీగలకు, మల్టియాక్ నైలాన్‌కు. ఎక్స్‌టీఎస్‌ఏ అంచున మూడు సాకెట్లు ఉంటాయి: హంబకర్లకు (మామూలు ఎలక్ట్రిక్ పికప్‌లకు) ఒక పావు అంగుళం జాక్, పియెజోతో కలిపి వచ్చే మిక్స్ జాక్ ఒకటి, పక్కనే గుండ్రంగా 13 పిన్నుల సాకెట్. మిక్స్ జాక్ ఒక్కదానికే కేబుల్ పెడితే రెండు గొంతులూ కలిసి వస్తాయి. రెండు జాక్‌లకూ పెడితే విడిపోయి, ఎలక్ట్రిక్‌ను గిటార్ ఆంప్‌కీ, అకౌస్టిక్‌ను పీఏకీ (వేదిక స్పీకర్లకు) వేర్వేరుగా పంపొచ్చు. సింథ్ వాల్యూమ్‌కు వేరే నాబ్, ప్యాచ్ (సింథ్‌లో ఎంచుకున్న గొంతు) మార్చడానికి చిన్న స్విచ్ గిటార్ మీదే ఉంటాయి. కొత్తవాళ్ళు "సింథ్ పనిచేయడం లేదు" అన్నప్పుడు చాలాసార్లు ఆ సింథ్ వాల్యూమ్ నాబ్ సున్నా మీద ఉంటుంది. ముందు అది చూడండి.

13 పిన్నుల సాకెట్‌లో ఏముందో తెలిస్తే తర్వాత తప్పులు వెతకడం తేలిక. 1 నుంచి 6 వరకు పిన్నులు తీగల వరసే: 1వ పిన్ను సన్నటి ఈ (E) తీగ, 6వ పిన్ను లావు ఈ (E) తీగ. 7వ పిన్ను మామూలు గిటార్ పికప్ సిగ్నల్. 8 సింథ్ వాల్యూమ్. 9 ఖాళీ. 10, 11 ప్యాచ్‌ను కిందికీ పైకీ మార్చే స్విచ్‌వి. 12లో ప్లస్ 7 వోల్టులు, 13లో మైనస్ 7 వోల్టులు. గ్రౌండ్ పైనున్న లోహపు తొడుగు మీదుగా వెళ్తుంది. అంటే సింథ్ పెట్టే గిటార్‌లోని చిన్న సర్క్యూట్‌కు కరెంటు ఇస్తోందన్నమాట.

పాత గిటార్ కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. రోలండ్ 1977లో జీఆర్-500తో మొదలుపెట్టిన తొలి తరం 24 పిన్నులది. జాజ్ గిటారిస్టు పాట్ మెథినీ చేతిలో పేరుపడ్డ జీఆర్-300 కూడా 24 పిన్నులదే, 1980 నాటిది. ఆ కాలపు గిటార్‌ను ఈనాటి 13 పిన్నుల పెట్టెకు నేరుగా కలపలేరు. మధ్యలో మార్పిడి పెట్టె కావాలి. ఇంకో చివర, 2023లో జీకే-5, జీఎం-800తో రోలండ్, దాని బ్రాండ్ అయిన బాస్ (Boss) సీరియల్ డిజిటల్ పద్ధతికి మారాయి. అందులో 13 పిన్నులు పోయి ఒకే సన్నటి టీఆర్‌ఎస్ (స్టీరియో తరహా ప్లగ్ ఉన్న) కేబుల్ వచ్చింది. దానికోసం చేసిన కేబులే వాడాలి, చేతికందిన టీఆర్‌ఎస్ కేబుల్ కాదు. పాత 13 పిన్నుల గిటార్‌ను కొత్త పెట్టెకు కలపాలంటే జీకేసీ-ఏడీ, కొత్త పికప్‌ను పాత పెట్టెకు కలపాలంటే జీకేసీ-డీఏ అనే మార్పిడి పెట్టెలు ఉన్నాయి. వాడిన సరుకు కొనేముందు మీ దగ్గరున్నది ఏ తరమో చూసుకోకపోతే డబ్బు వృథా అవుతుంది.

ఆలస్యం లెక్క

నోటు ఆలస్యంగా రావడం గురించి కంపెనీలను తిట్టేముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. వదిలి మీటిన (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటిన) లావు ఈ (E) తీగ సెకనుకు 82.4 సార్లు కంపిస్తుంది. ఒక్క కంపనం పూర్తవడానికి 12.1 మిల్లీసెకన్లు. ఇది ఏ నోటో తేల్చడానికి యంత్రం కనీసం ఒకటిన్నర, రెండు కంపనాలైనా చూడాలి. అంటే 18 నుంచి 24 మిల్లీసెకన్లు ప్రకృతే తీసుకుంటుంది. ఏ (A) తీగ 110 హెర్ట్జ్, ఒక కంపనం 9.1 మిల్లీసెకన్లు. సన్నటి ఈ (E) తీగ 329.6 హెర్ట్జ్, ఒక కంపనం 3 మిల్లీసెకన్లు. అక్కడ 5, 6 మిల్లీసెకన్లలో పని అయిపోతుంది. అందుకే సన్న తీగల మీద పియానో చురుగ్గా పలుకుతుంది, లావు తీగల మీద అదే పియానో బద్ధకంగా ఉంటుంది. ఎంత వేగమైన ప్రాసెసర్ పెట్టినా ఈ మొదటి భాగం తగ్గదు.

దీనికి వాడుకలో ఉన్న మంచి ఉపాయం: బేస్ వాయించాలంటే లావు తీగల మీద వాయించకండి. ప్యాచ్‌ను ఒక ఆక్టేవ్, అంటే 12 సెమిటోన్లు కిందికి దించి, మీరు డీ, జీ తీగల మీద వాయించండి. డీ తీగ ఒక కంపనం 6.8 మిల్లీసెకన్లే. బేస్ గిటార్ గొంతు వస్తుంది, ఆలస్యం సగమవుతుంది. కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ సింథ్‌తో వాడుతుంటే దాని ఆలస్యం దీనికి కలుస్తుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్ళ బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పోగుచేసే శబ్దం) అంటే 10.7 మిల్లీసెకన్లు, 128 అయితే 2.7. స్పీకర్ మూడు మీటర్ల దూరంలో ఉంటే గాలిలోనే ఇంకో 9 మిల్లీసెకన్లు. ఇవన్నీ కలిపి 40 మిల్లీసెకన్లు దాటితే వేళ్ళు తడబడతాయి. తగ్గించగలిగేవి బఫర్, స్పీకర్ దూరం. వాటిని ముందు తగ్గించాలి.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా. అన్ని సింథ్ పెట్టెలూ నోటును కనిపెట్టి దాని బదులు వేరే శబ్దం మోగించేవి కావు. జీఆర్-55లోని పీసీఎమ్ టోన్లు (రికార్డు చేసిపెట్టిన వాద్య శబ్దాలు), జీఎం-800, ట్రిపుల్‌ప్లే ఆ పని చేస్తాయి. వాటికి పై లెక్క వర్తిస్తుంది. రోలండ్ వీజీ-8, వీజీ-99, బాస్ జీపీ-10, ఎస్‌వై-1000లోని డైనమిక్ సింథ్ లాంటివి తీగ తరంగాన్నే తీసుకుని మలుస్తాయి (దీన్నే మోడలింగ్ అంటారు). అక్కడ నోటు తేల్చాల్సిన పనే లేదు కాబట్టి చేతికి ఆలస్యం తెలియదు, దొంగ నోట్లు (కొట్టకుండానే మోగేవి) ఉండవు. మీకు కావలసింది అసలైన పియానో, వేణువు, ఆర్గన్ గొంతులైతే మొదటి రకం; గిటార్ చేతి స్పర్శ చెక్కుచెదరని సింథ్ నాదం కావాలంటే రెండో రకం. ట్రాకింగ్ గొడవలతో విసిగి ఈ గిటార్లను అమ్మేద్దామనుకునేవాళ్ళు అమ్మేముందు రెండో రకం పెట్టెను ఒకసారి వాయించి చూడాలి. చాలామంది వెతుకుతున్నది నిజానికి అదే.

గిటార్ సెటప్, వరసగా

ముందు కొత్త తీగలు. పాతబడ్డ తీగ మీద చెమట, మట్టి ఒక్కోచోట ఒక్కోలా పేరుకుని బరువు సమంగా ఉండదు. అప్పుడు దాని పై స్వరాలు అసలు శ్రుతితో పొసగవు. చెవి సర్దుకుంటుంది, యంత్రం సర్దుకోదు. ఆక్టేవ్ తప్పులు మొదలవుతాయి. 10-46 లేదా 11-49 నికెల్ రౌండ్‌వౌండ్ తీగలు మంచి రాజీ. మరీ సన్నవి గట్టిగా మీటితే క్షణకాలం శ్రుతి పైకి పోయి దిగుతాయి, సింథ్ ఆ ఎక్కుదిగుళ్ళన్నీ నిజమనుకుని వాయిస్తుంది. ఏ గేజ్ (తీగల మందం) ఎంచుకున్నా ఇక దాన్ని మార్చకండి. మార్చిన ప్రతిసారీ కింద చెప్పే సెన్సిటివిటీ మళ్ళీ సరిచేయాలి.

తర్వాత నెక్, యాక్షన్ (ఫ్రెట్‌ల మీద తీగల ఎత్తు). మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కితే 7, 8 ఫ్రెట్‌ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.2 నుంచి 0.25 మి.మీ. సందు ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ లావు తీగకు 2 మి.మీ., సన్న తీగకు 1.6 మి.మీ. పెట్టి మొదలుపెట్టండి. మామూలు గిటార్‌కు ఇది కాస్త ఎత్తే. కానీ సింథ్ గిటార్‌లో ఫ్రెట్ బజ్ అంటే చెవికి వినిపించే చిన్న గరగర మాత్రమే కాదు. ఆంప్‌లో అసలు వినపడని బజ్ కూడా హెక్స్ పికప్‌కు వినపడి, నోటు మధ్యలో రెండోసారి మోగుతుంది. ఒకే ఫ్రెట్ దగ్గర ఎప్పుడూ నోటు రెండుసార్లు పడుతుంటే తప్పు ఆ తర్వాతి ఫ్రెట్ ఎత్తులో ఉంది, సింథ్‌లో కాదు. ఒక పొట్టి స్టీలు స్కేలు మూడు ఫ్రెట్‌ల మీద అడ్డంగా ఆనించి ఊపి చూడండి. ఊగితే మధ్య ఫ్రెట్ లేచి ఉందని అర్థం.

నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు వెడల్పుగా అరిగిపోతే వదిలి మీటిన తీగ సితార్‌లా జుయ్యిమంటుంది. వదిలి మీటినప్పుడే ట్రాకింగ్ చెడి, మొదటి ఫ్రెట్ నొక్కగానే బాగుపడితే నట్ మార్చాల్సిందే. ఆ తర్వాత ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ నొక్కిన నోటు, అక్కడి హార్మోనిక్ రెండూ ఒకే శ్రుతిలో ఉండేలా శాడిల్ జరపాలి. పియెజో శాడిల్ జరిపేటప్పుడు దాని వెనక వెంట్రుకలాంటి తీగ బిగుసుకోకుండా చూడండి.

తేలే ట్రెమలో బ్రిడ్జ్ (స్ప్రింగుల మీద నిలబడి, చేత్తో ఊపితే శ్రుతి మారేది) సింథ్‌కు శత్రువు. ఒక తీగ లాగితే స్ప్రింగులు సాగి మిగతా తీగలన్నీ కాస్త దిగుతాయి. మామూలు గిటార్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. సింథ్‌లో ఐదు తీగల శ్రుతి ఒకేసారి కదిలి, పట్టి ఉంచిన స్ట్రింగ్స్ గొంతు (వయొలిన్ల బృందం) మొత్తం మూలుగుతుంది. వెనక మూత తీసి, ట్రెమలో దిమ్మెకూ బాడీ గోడకూ మధ్య సరిగ్గా పట్టే చెక్కముక్క దూర్చి బిగించండి.

జీకే-3 లాంటి పికప్ తగిలించేవాళ్ళకు రెండు కొలతలు ప్రాణం. పికప్ బ్రిడ్జ్ నుంచి 20 మి.మీ. లోపే ఉండాలి, ఎంత దగ్గరైతే అంత మంచిది. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగ అడుగుకూ పికప్ పైభాగానికీ మధ్య 1 మి.మీ. సందు ఉండేలా ఎత్తు సరిచేయాలి. కళ్ళతో అంచనా వేయకండి, ఫీలర్ గేజ్ వాడండి. సందు 2 మి.మీ. అయితే సన్న తీగల సిగ్నల్ పడిపోయి మెల్లగా మీటిన నోట్లు మాయమవుతాయి. మరీ దగ్గరైతే గట్టిగా మీటినప్పుడు తీగ పికప్‌కు తగిలి టక్కుమంటుంది. ఒక్కో తీగ తన గడి మధ్యగా వెళ్తోందా అన్నది కూడా పైనుంచి చూడండి. తీగ రెండు గడుల మధ్యలో పడితే పక్క తీగ నోటు కూడా మోగుతుంది. స్ట్రాట్ రకం గిటార్లలో తీగల కింద చోటు తక్కువ, లెస్ పాల్ రకంలో ఎక్కువ. రెండోదానిలో పికప్ కింద పలుచటి దిమ్మ పెట్టి లేపాలి. మొదట రెండువైపులా అంటే టేపుతో నిలబెట్టి, స్క్రూలు వేయాలనుకుంటే ఒక వారం వాయించాకే వేయండి. 12 తీగల గిటార్‌కు ఈ పికప్ పనికిరాదు.

పెట్టెలో సెట్టింగులు

ఇప్పుడు పెట్టె ఆన్ చేయొచ్చు. ముందు జీకే సెట్టింగ్స్‌లో పికప్ రకం సరిగ్గా ఎంచుకోండి. జీఆర్-55, వీజీ-99, ఎస్‌వై-1000లో పియెజోలకు వేర్వేరు ఎంపికలున్నాయి, ఆర్‌ఎమ్‌సీ, గ్రాఫ్ టెక్, ఎల్‌ఆర్ బాగ్స్ శాడిల్స్‌కు తగ్గవి కూడా. పియెజో గిటార్‌ను జీకే-3 సెట్టింగ్ మీద వదిలేస్తే మోడలింగ్ గొంతులన్నీ రేకు డబ్బాలా ఉంటాయి. చాలామంది గోడిన్ యజమానులు "మోడలింగ్ బాగోదు" అనడానికి కారణం ఈ ఒక్క లైను. స్కేల్ లెంగ్త్ కూడా ఇవ్వాలి. అయస్కాంత పికప్ అయితే ప్రతి తీగకూ శాడిల్ నుంచి పికప్ మధ్యకు దూరం కొలిచి మి.మీ.లలో ఎక్కించాలి. శాడిళ్ళు వరసగా ఉండవు కాబట్టి ఆరు దూరాలూ వేరువేరు. ఒక్కటి కొలిచి ఆరింటికీ అదే పెట్టడం అలవాటైన తప్పు.

లావు తీగ మీటి మీటర్ చూడండి. సన్న తీగ మీటర్ కదిలితే పికప్ దిశ తలకిందులుగా ఉన్నట్టు. రివర్స్ అన్న సెట్టింగ్ మార్చాలి. ఆ తర్వాత సెన్సిటివిటీ. ఒక్కో తీగను మీరు నిజంగా వాయించేటప్పుడు ఎంత గట్టిగా మీటుతారో అంత గట్టిగా మీటి, మీటర్ చివరి గడికి కాస్త ముందు ఆగేలా పెట్టండి. ఎక్కువ పెడితే చిన్న రాపిడి కూడా నోటు అవుతుంది, తక్కువ పెడితే మెల్లని నోట్లు పడవు. ఆరూ అయ్యాక, ఒకే బలంతో ఆరు తీగలూ వరసగా మీటి పియానో ప్యాచ్‌లో వినండి. చెవికి ఏ తీగ పొడుచుకొచ్చిందో దాన్ని రెండు మూడు అంకెలు తగ్గించండి. ఇక్కడ మీటర్ కన్నా చెవి మాటే ఆఖరిది.

మిడి (వాద్యాల మధ్య నోట్ల సమాచారం పంపే పద్ధతి) ద్వారా బయటి సింథ్ వాయించేవాళ్ళు మోనో మోడ్ వాడాలి, తీగకొక చానెల్ చొప్పున ఆరు చానెళ్ళు. ఒకే చానెల్‌లో పంపితే ఒక తీగ లాగినప్పుడు మోగుతున్న నోట్లన్నీ కలిసి లాగబడతాయి. బెండ్ రేంజ్ (తీగ లాగితే శ్రుతి ఎంతవరకు మారొచ్చో ఆ హద్దు) పంపేవైపూ అందుకునేవైపూ ఒకటే ఉండాలి. పంపేవైపు 24 సెమిటోన్లు, అందుకునేవైపు 2 అయితే, మీరు ఒక పూర్తి స్వరం లాగినా వినిపించేది సెమిటోన్‌లో ఆరో వంతు. తిరగబడితే, చిన్న వైబ్రేటో కూడా సైరన్‌లా అరుస్తుంది. గమకాలు, జారుళ్ళు ఎక్కువ వాయించేవాళ్ళు రెండు వైపులా 12 లేదా 24 పెట్టుకోవాలి. పియానో, ఆర్గన్, మ్యాలెట్ (కర్రతో కొట్టే) వాద్యాలకు మాత్రం బెండ్ ఆపేసి క్రోమాటిక్ (సెమిటోన్ మెట్లలోనే పలికే సెట్టింగ్) పెట్టండి. వేలు కాస్త అటూ ఇటూ నొక్కుకున్నా పియానో శ్రుతి తప్పదు.

చెయ్యి

మీటే చోటు మార్చి చూడండి. బ్రిడ్జ్ పక్కన మీటితే పై స్వరాలు బలంగా పుట్టి, అసలు శ్రుతి వాటి వెనక దాక్కుంటుంది; ఆక్టేవ్ ఎగరడానికి ఇది పెద్ద కారణం. నెక్ పికప్ మీదుగా, గట్టి పిక్‌తో, సూటిగా మీటితే నోటు శుభ్రంగా పుడుతుంది. నైలాన్ మీద వేలికండ కన్నా గోరు దెబ్బ త్వరగా పట్టుబడుతుంది. నోటు వదిలేటప్పుడు వేలు పక్కకు లాగితే వదిలిన తీగ మోగుతుంది, అంటే ఒక దొంగ నోటు. వేలు పైకే లేపి, పక్క వేలితో తీగను నొక్కి ఆపాలి. నట్ పక్కన మెత్తటి గుడ్డపట్టీ చుట్టుకుంటే ఒంటి నోట్ల వాయిద్యంలో దొంగ నోట్లు చాలామటుకు పోతాయి. వదిలిన తీగలు వాడే పాటలో దాన్ని నట్ వెనక్కి జరపండి.

సింథ్ గొంతులతో స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒక్క ఊపులో గీకడం) మాత్రం మానేయండి. పియానో వాయించేవాళ్ళు ఆరు నోట్లు వరసగా గీకరు. మూడు, నాలుగు నోట్లు వేళ్ళతో ఒకేసారి పట్టి మీటితే సింథ్‌కూ తేలిక, చెవికీ నమ్మకంగా ఉంటుంది. వేణువు ప్యాచ్‌ను లావు తీగల మీద, బేస్ ప్యాచ్‌ను 15వ ఫ్రెట్ పైన వాయిస్తే ఏ పెట్టె అయినా బొమ్మ వాద్యంలా పలుకుతుంది. ఆ వాద్యం అసలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పలుకుతుందో ఆ పరిధిలోనే వాయించాలి.

ఈ గిటార్లలో అన్నిటికన్నా ఉపయోగపడే గొంతు ఒంటరి సింథ్ కాదు, కలిపిన గొంతు. పియెజో అకౌస్టిక్ ముందు, దాని కింద నెమ్మదిగా లేచే స్ట్రింగ్ ప్యాడ్. దెబ్బ పియెజో నుంచి వెంటనే వస్తుంది, ప్యాడ్ ఎలాగూ 200 మిల్లీసెకన్లు తీసుకుని లేస్తుంది. ఆలస్యం అనే మాటే మాయమవుతుంది. దొంగ నోట్లు కూడా అందులో మునిగిపోతాయి. ఈ ఒక్క ప్యాచ్ కుదిరితే గిటార్ కొన్నందుకు సార్థకమే.

ఈ గొంతులను మామూలు గిటార్ ఆంప్‌లో వినకండి. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన శబ్దాన్ని మింగేస్తుంది. పియానో, పియెజో రెండూ మూతపెట్టినట్టు ఉంటాయి. ఫుల్ రేంజ్ స్పీకర్ లేదా పీఏ కావాలి.

పాడయ్యేవి

ఎక్కువగా పాడయ్యేది 13 పిన్నుల సాకెట్. కేబుల్ లావు, ప్లగ్ బరువు. గిటార్ లోపల ఆ సాకెట్ చిన్న సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ పట్టునే నిలబడి ఉంటుంది. ప్లగ్ పక్కకు వంగిన ప్రతిసారీ ఆ సోల్డర్ చుక్కల చుట్టూ ఉంగరంలా సన్నటి చీలిక పుడుతుంది. భూతద్దంతో చూస్తే కనపడుతుంది. కేబుల్‌ను ముందు భుజం పట్టీలోంచి ఒక చుట్టు తిప్పి తర్వాత సాకెట్‌లో పెడితే బరువు పట్టీ మీద పడుతుంది. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు సింథ్ పవర్ ఆపండి. ఆ పిన్నుల్లో వోల్టేజ్ నడుస్తోందని మరచిపోకండి.

ఒక్క తీగ మాత్రమే పలకకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. కేబుల్ మారినా అదే తీగ మూగగా ఉంటే, మల్టీమీటర్ కంటిన్యుటీతో ఆ తీగ పిన్నును సాకెట్ నుంచి ప్రీఆంప్ (గిటార్ లోపలి చిన్న సర్క్యూట్) దాకా చూడండి. చీలిన సోల్డర్ దొరికితే సన్నమొన ఐరన్‌తో కొత్త సోల్డర్ వేసి కరిగించండి. అదీ బాగుంటే, పియెజో అయితే శాడిల్ దగ్గరికి వెళ్ళాలి. తీగ తెగినప్పుడు, మార్చినప్పుడు దాని కొస శాడిల్ వైరును గీకి తెంపడం మామూలే. శాడిల్ మీద తీగ వంపు తక్కువై ఒత్తిడి చాలకపోయినా ఆ తీగ సిగ్నల్ పలచబడుతుంది. ఆరు తీగలూ పోయి, మామూలు పికప్ మాత్రం సింథ్ గుండా వస్తుంటే 12, 13 పిన్నుల వోల్టేజ్ రావడం లేదని అర్థం, లేదా సెలెక్టర్ స్విచ్ గిటార్ వైపు ఉంది. తీగలన్నీ బాగుండి వాల్యూమ్ నాబ్ ఒక్కటే పనిచేయకపోతే 8వ పిన్ను.

పియెజో గొంతు ఉన్నట్టుండి చిట్లుతూ, పగిలినట్టు వస్తే 9 వోల్టుల బ్యాటరీ అయిపోతోంది. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, గిటార్ స్టాండ్ మీదున్నా సరే. ఆర్‌ఎమ్‌సీ ప్రీఆంప్ ఉన్నవాటిలో 13 పిన్నుల కేబుల్ పెట్టినప్పుడు కరెంటు సింథ్ నుంచే అందుతుంది, బ్యాటరీకి విశ్రాంతి. హంబకర్లకు ఏ బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి బ్యాటరీ చచ్చినా ఎలక్ట్రిక్ గొంతు ఆగదు. గిటార్ నుంచి 13 పిన్నుల కేబుల్, ఆంప్‌కు పావు అంగుళం కేబుల్ రెండూ ఒకేసారి పెట్టినప్పుడు సన్నటి హమ్ మొదలైతే గ్రౌండ్ లూప్. ఆంప్ వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసోలేటర్ పెట్టండి. ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, ఎప్పుడూ చేయకండి.

రికార్డింగ్‌లో మిడి ఒక్కటే తీసుకోకుండా పియెజో, హంబకర్ సిగ్నళ్ళను కూడా వేరే ట్రాకుల్లో పెట్టుకోండి. మిడి ట్రాక్‌లో ఎక్కడ దొంగ నోటు పడిందో పియెజో తరంగం పక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. ముందు 40 మిల్లీసెకన్ల కన్నా పొట్టి నోట్లను, వెలాసిటీ (మీటిన బలం అంకె) 20 కన్నా తక్కువున్న నోట్లను ఎంచి తీసేయండి; చెత్తలో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. తర్వాత లావు తీగల చానెళ్ళు రెండింటినీ 15 మిల్లీసెకన్లు, మధ్యవాటిని 8 మిల్లీసెకన్లు ముందుకు (అంటే త్వరగా మోగేలా) లాగి, పియెజో దెబ్బతో కలుస్తున్నాయా అని విని సర్దండి. మొత్తం ట్రాక్‌ను ఒకేసారి క్వాంటైజ్ చేస్తే (నోట్లను తాళం గీతలకు జరిపితే) నోట్లు జరిగి, వాటి బెండ్ సమాచారం పాత చోటే ఉండిపోతుంది. తీగ లాగిన చోటల్లా నోటు తప్పు శ్రుతిలో మొదలవుతుంది. నోటునూ దాని బెండ్‌నూ కలిపి పట్టుకుని చేత్తో జరపండి.